ఎనిమిదో తరగతి పిల్లల కోసం కాలవ గురించి రాసేను, రెండో పేజీ ఎవరూ తిప్పట్లేదు. భాషలో ఏం మార్చాలండి?

కాలవగట్టు టీచర్:

అందరికీ నమస్తే అండి. నేను కోనసీమలో ఒక గవర్నమెంటు హైస్కూల్లో సోషల్ చెప్తాను. మా పిల్లల్లో సగం మంది కాలవ గట్టు మీద సైకిలు తొక్కుకుంటూనే బడికొస్తారు, కానీ ఈ కాలవ ఎక్కణ్ణించొస్తుందిరా అని అడిగితే "ధవళేశ్వరం" అని ఒక్క ముక్క అనేసి ఊరుకుంటారు, ఆ తర్వాత ఇంకేం లేదు. అందుకని పోయిన వేసవి సెలవల్లో కూర్చుని ఎనిమిది పేజీల చిన్న పుస్తకం రాసేను, మన కాలవలు, లాకులు, వరదలు, తుఫాన్లు అన్నీ కలిపి. జిరాక్సులు తీయించి అందరికీ ఇచ్చేను. ముందు బెంచీ వాళ్ళు నలుగురు చదివేరు. మిగతావాళ్ళు మొదటి పేజీలో రెండు లైన్లు చూసి మడిచేసి దాంతో విసురుకుంటున్నారు.

మొదటి పేరా ఇక్కడ పెడుతున్నాను, మొహమాటం లేకుండా చెప్పండి:

"గోదావరి డెల్టా యందలి నీటిపారుదల వ్యవస్థ 1847 – 1852 మధ్యకాలంలో సర్ ఆర్థర్ కాటన్ గారిచే నిర్మింపబడిన ధవళేశ్వరం ఆనకట్టతో ఆరంభమైనది. నేడు దాని స్థానమందలి బ్యారేజీ నుండి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు కాలువల ద్వారా సాగునీరు అందించబడుచున్నది. తద్వారా సుమారు పది లక్షల ఎకరాలు సస్యశ్యామలమైనవి."

ఇది కష్టంగా ఉందేమోనని రెండోసారి మాటలు మార్చేను కూడా. సాగునీరు తీసేసి నీళ్ళు అన్నాను, తద్వారా తీసేసి దీనివల్ల అన్నాను, మధ్యలో రెండు బొమ్మలు పెట్టేను. అయినా అంతే.

నన్ను బాగా ఆలోచనలో పడేసింది వేరే సంగతి. అదే వారం ఇంటర్వెల్లో మా క్లాసు కుర్రాడు ఒకడు వాళ్ళ నాన్నతో కలిసి రాత్రి బోదె (చేలోకి నీళ్ళు తెచ్చే పిల్లకాలవ) దగ్గర నీళ్ళ కాపలాకి వెళ్ళిన సంగతి చెప్తున్నాడు, పై చేను వాళ్ళు అడ్డు కట్టేశారంట, వీళ్ళు టార్చిలైటు పట్టుకుని గట్టెమ్మట నడిచేరంట, మధ్యలో ఏదో జరజరమందంట. పదిమంది చుట్టూ మూగిపోయి వింటున్నారు, బెల్లు కొట్టినా కదల్లేదు. వాడు చెప్పిందీ నీళ్ళ గురించే, నేను రాసిందీ నీళ్ళ గురించే కదండీ. వాడు చేసిందేంటి, నేను చెయ్యనిదేంటి? పిల్లల కోసం రాసేవాళ్ళు భాషతో ఏం చేస్తే పిల్లలు ఆగి చదువుతారో, అనుభవం ఉన్నవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి. మాటలు తేలిక చేస్తే సరిపోదని మాత్రం నాకు అర్థమైంది.

రిటైర్డు తెలుగు మాస్టారు:

అమ్మా, ముప్పై ఏళ్ళ పైన రామచంద్రపురం వైపు తెలుగు చెప్పి ఇప్పుడు ఇంటిపట్టున ఉంటున్నాను, మీ ప్రశ్న చదివి ఊరుకోలేక రాస్తున్నాను, కొంచెం పొడుగవుతుంది ఏమీ అనుకోకండి.

మీ పేరాలో మనుషులు లేరు. మాట కష్టమా సులువా అన్నది తర్వాత సంగతి. "నిర్మింపబడిన", "అందించబడుచున్నది" అన్నారు, ఈ "బడు" ఉందే, ఇది మన నోట్లోంచి రాదు. ఇంట్లో ఎవరైనా "అన్నం వడ్డించబడినది రండి" అంటారా? "అన్నం పెట్టేను రండి" అంటారు. "పెట్టేను" అన్నప్పుడు పెట్టిన మనిషి కనపడుతుంది, "వడ్డించబడినది" అంటే అన్నం తనంతట తానే వచ్చి విస్తట్లో కూర్చున్నట్టుంటుంది. పిల్లాడికి ఆ తేడా వ్యాకరణంగా తెలీదు, కానీ చెవికి తెలుస్తుంది. కాలవ తవ్విందెవరు, రాళ్ళు మోసిందెవరు, లాకు తలుపు తిప్పేదెవరు, ఇప్పుడు తలుపు దించేసేదెవరు, వీళ్ళని వాక్యంలోకి తెండి. మీ ఇంటర్వెల్ కుర్రాడి కథలో చూడండి, నాన్న ఉన్నాడు, పై చేను వాళ్ళున్నారు, టార్చిలైటుంది.

రెండోది, మన భాషలో ఉన్న ఒక గొప్ప సదుపాయం చాలామంది రాసేవాళ్ళు వాడుకోరు. మనకి "మేము" వేరు "మనం" వేరు. "మేము" అంటే వినేవాణ్ణి బయట నిలబెట్టినట్టు, "మనం" అంటే పక్కన కూర్చోబెట్టుకున్నట్టు. పుస్తకంలో మొదటి పేజీలోనే "మన కాలవ" అని ఒక్కసారి అని, తర్వాత మళ్ళీ "డెల్టా ప్రజలు", "రైతాంగం" అని దూరంగా వెళ్ళిపోతే పిల్లాడు కూడా దూరంగా వెళ్ళిపోతాడు. అలాగే "నువ్వు". పాఠంలో "ఒక విద్యార్థి కాలవ గట్టు మీద వెళ్తున్నాడు" అని రాస్తే ఆడపిల్లలందరూ ఆ వాక్యం బయటే ఉండిపోతారు. "నువ్వు కాలవ గట్టు మీద వెళ్తున్నావు" అని రాయండి, ఆడపిల్లైనా మగపిల్లాడైనా క్రియ ఒకటే, అందరూ లోపలికొచ్చేస్తారు. "పిల్లలూ" అని పిలవకండి, అది స్టేజీ మీద మైకులో పిలిచినట్టుంటుంది. నువ్వు అంటే ఒక్కడితో మాట్లాడినట్టు.

ఇది కొత్తగా ఎవరో కనిపెట్టింది కాదమ్మా. మన శతకాలు చూడండి, ప్రతి పద్యం చివర ఎవర్నో ఒకర్ని పిలుస్తుంది. "వినుర" అంటాడు వేమన, అంటే వినరా అని. "సుమతీ" అంటే మంచి బుద్ధి కలవాడా అని పిలుపు. మకుటం అంటే పద్యం పూరించడానికి పెట్టిందనుకుంటాం, కానీ వినేవాడి భుజం మీద చెయ్యి వేసేది అదే. పైగా నాలుగో పాదానికి వచ్చేసరికి అదే మాట వస్తుందని పిల్లాడికి ముందే తెలుసు, దాని కోసం కాసుక్కూర్చుంటాడు. మీ పుస్తకంలో కూడా ప్రతి పేజీ చివర ఒకే ప్రశ్న పెట్టి చూడండి, "మరి ఈ నీళ్ళు ఎవరు వదిలేరు?" లాంటిది, అది మకుటంలాగ పనిచేస్తుంది.

ఇక ఏడు చేపల కథ. రాజుగారు, ఏడుగురు కొడుకులు, ఏడు చేపలు, అందులో ఒకటి ఎండలేదు. ఎందుకెండలేదు అని అడిగితే గడ్డిమోపు అడ్డం, గడ్డిమోపునడిగితే ఆవు మెయ్యలేదు, అలా ఒకర్నొకరు వేలు చూపించుకుంటూ చివరికి చీమ దగ్గర తేలుతుంది. మూడేళ్ళ పిల్లకి కూడా నోటికొస్తుంది ఆ కథ, ఎంచేతంటే ప్రశ్న అదే, జవాబు మాత్రమే మారుతుంది, ఒక కారణం వెనక ఇంకో కారణం. కాలవ పాఠానికి ఇంతకంటే మంచి అచ్చు దొరకదు. కాలవ చివర ఉన్న శివారు చేను ఎండిపోయింది. చేనూ చేనూ ఎందుకెండేవు? బోదెలో నీళ్ళు రాలేదు. బోదే బోదే ఎందుకు రాలేదు? అలా అడుక్కుంటూ పైకెళ్తే ధవళేశ్వరం దాకా వెళ్ళొచ్చు. మీరు ధవళేశ్వరం దగ్గర మొదలెట్టి కిందికి దిగేరు, పిల్లాడు ఉన్నది కింద, శివార్లో. వాడు ఉన్న చోట మొదలెట్టి వాణ్ణి పైకి తీసుకెళ్ళండి.

చివరగా ఒక్కమాట. మన రాజమండ్రిలోనే 1919లో కందుకూరి వీరేశలింగం గారు అధ్యక్షులుగా, గిడుగు రామ్మూర్తి గారు కార్యదర్శిగా వాడుక భాష కోసం వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం పెట్టేరు. గిడుగు వారు అంతకుముందే పర్లాకిమిడి దగ్గర సవర గిరిజనుల భాష నేర్చుకుని ఆ పిల్లలకి వాళ్ళ భాషలోనే చదువు చెప్పడానికి పుస్తకాలు రాసేరు. పిల్లాడి నోట్లో ఉన్న భాష దగ్గరికి పుస్తకం వెళ్ళాలని ఆయన జీవితమంతా పోరాడేరు. ఆ నేల మీద కూర్చుని మనం ఇంకా "యందలి" అని రాస్తుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

భీమవరం రాతగాడు:

మాస్టారు చెప్పిన మకుటం సంగతి నాకు కొత్తగా తట్టింది, థాంక్సండీ. నేను పదేళ్ళుగా పిల్లల పేజీలకి కథలు, సైన్సు ముక్కలు రాస్తున్నాను, నా వైపు నుంచి కొన్ని.

మేడమ్ మీ పేరాలో పెద్ద సమస్య అంకెలు. పది లక్షల ఎకరాలు అన్నారు, పిల్లాడికి అది ఎంతో తెలీదు, నాక్కూడా కళ్ళ ముందు కనపడదు. అంకె రాసేముందు ఆ పిల్లాడి చేతికి అందే వస్తువు ఏంటో వెతకాలి. నేను వరదల మీద రాసినప్పుడు ఏం చేశానో చెప్తాను. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, అప్పుడు సముద్రంలోకి వదిలేది పది లక్షల క్యూసెక్కులు అని మన టీవీల్లో ప్రతి ఏడూ వింటాం. క్యూసెక్కు అంటే? సెకనుకి ఒక ఘనపుటడుగు, లీటర్లలో సుమారు 28. సరే 28 లీటర్లంటే? ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ 20 లీటర్ల వాటర్ టిన్ను ఉంటుంది కదా, దాన్ని ఎత్తి పెట్టే పని కూడా చాలా ఇళ్ళల్లో ఈ ఎనిమిదో తరగతి కుర్రాళ్ళదే, దాని బరువు వాళ్ళ చేతులకి తెలుసు. అందుకని ఇలా రాశాను: నువ్వు "ఒకటి" అని లెక్కపెట్టేలోపు 14 లక్షల వాటర్ టిన్నుల నీళ్ళు బ్యారేజీ గేట్ల కిందనుంచి వెళ్ళిపోతాయి, "రెండు" అనేలోపు ఇంకో 14 లక్షలు. ఆ లైను దగ్గర పిల్లలు నిజంగా ఆగి ఒకటి రెండు అని లెక్కపెడుతున్నారని ఒక మాస్టారు ఫోన్ చేసి చెప్పారు. అంకె మారలేదు, అదే పది లక్షల క్యూసెక్కులు, దాన్ని ఎత్తడానికి ఒక పట్టు దొరికింది అంతే.

ఇంకోటి వాక్యం పొడవు. చాలామంది పిల్లలకి అన్నీ చిన్న చిన్న వాక్యాలే రాయాలనుకుంటారు. కాలవ వచ్చింది. నీరు పారింది. రైతు ఆనందించాడు. అలా రాస్తే ఒకటో తరగతి వాచకంలా ఉంటుంది, పద్నాలుగేళ్ళ పిల్లాడికి తనని చిన్నపిల్లాణ్ణి చేశారని కోపం వస్తుంది. తెలుగులో వచ్చి, చూసి, దిగి, తోసి అని కలుపుకుంటూ వెళ్ళిపోవచ్చు, అసలు క్రియ చివర్లో వస్తుంది కాబట్టి అక్కడిదాకా ఏం జరిగిందో తెలీదు. మీ కుర్రాడి కథ ఇలా ఉండుంటుంది చూడండి: "మా నాన్న టార్చిలైటు నా చేతికిచ్చి, పంచె పైకి దోపుకుని, గట్టు దిగి, బోదెలోకి చెయ్యి పెట్టి, ఆ అడ్డుకట్ట మట్టి తీస్తుంటే..." ఇక్కడ ఎవరైనా చదవడం ఆపుతారా? ఆ పొడుగు వాక్యం తర్వాత ఒక చిన్నది పెట్టండి. "జరజరమంది." చాలు.

ఆ జరజర గురించి కూడా ఒక జాగ్రత్త. మన భాషలో చప్పుళ్ళకి కొదవ లేదు, గలగల, జలజల, బుడుంగు, చిటపట, దబ్బుమని, తళుక్కుమని. బాగా పనిచేస్తాయి, కానీ పేజీకి ఒకటి, మహా అయితే రెండు. నేను మొదట్లో ప్రతి లైనుకీ ఒకటి పెట్టేవాణ్ణి, తర్వాత చదువుకుంటే ఏదీ వినపడలేదు. కాలవ గలగల పారుతుందని అందరూ రాస్తారు, నిజానికి మన డెల్టా కాలవలు గలగల పారవు, నేల చదును కదా, నిండుగా మెల్లిగా వెళ్తాయి, చప్పుడు చేసేది లాకుల దగ్గరే. కళ్ళతో చూసి చెవులతో విని రాసిన మాట ఒకటి ఉంటే పిల్లలు పట్టేస్తారు, ఎందుకంటే వాళ్ళు రోజూ ఆ గట్టు మీదే ఉంటారు.

లంక కుర్రాడు:

నమస్తే మేడమ్ గారండీ. నేను ఇంటర్ సెకండియర్. మాది లంక, అంటే గోదావరి మధ్యలో దీవి, పడవ దాటి కాలేజీకెళ్తాను. మీరు పిల్లల గురించి అడిగారు కానీ ఇక్కడ పిల్లలెవరూ మాట్లాడట్లేదని రాస్తున్నాను.

మాకు బాగా నచ్చనిది ఏంటంటే, మా కోసం రాసినట్టు నటించడం. ఈ మధ్య కొన్ని పుస్తకాల్లో, వీడియోల్లో "హాయ్ ఫ్రెండ్స్, ఈరోజు మనం ఒక సూపర్ టాపిక్ చూద్దాం బ్రో" అని మొదలెట్టి ఆ తర్వాత మామూలు పాఠమే చదివేస్తారు. బ్రో అన్నంత మాత్రాన మా భాష అయిపోదండి. మా ఫ్రెండ్స్ బ్రో అని పిలుచుకుంటారు, సారు పిలిస్తే అదోలా ఉంటుంది. మీరు టీచర్‌లాగే మాట్లాడండి, పర్లేదు, మా టీచర్లలో బాగా చెప్పేవాళ్ళెవరూ మాలాగ మాట్లాడలేదు.

రెండోది వరదల పాఠం. మా పుస్తకంలో "1986లో గోదావరికి భారీ వరదలు సంభవించినవి, తీవ్ర ఆస్తి ప్రాణ నష్టం వాటిల్లినది" అని నోట్సు చెప్పారు. రాసుకున్నాం, మార్కులొచ్చాయి. మా ఇంట్లో దాన్ని ఎనభయ్యారు వరద అంటారు. మా అమ్మమ్మ చెప్పింది, ఏటిగట్టు తెగిందని కేకలు వినపడగానే తాతయ్య ముందు ఇంట్లోకి రాలేదంట, దొడ్లోకి పరిగెత్తి ఆవుల పలుపులు కోసేశాడంట, విప్పడానికి టైము లేదు, కట్టేసి ఉంటే అక్కడే పోతాయి, వదిలేస్తే ఈదుకుంటూ ఎక్కడో అక్కడ తేలతాయి అని. మూడు ఆవులు వదిలితే ఒకటి నాలుగు రోజుల తర్వాత మెడలో తెగిన పలుపుతో తనే తిరిగొచ్చిందంట. ఆ ముక్క ఇప్పటికీ మా ఇంట్లో దూలానికి వేలాడుతుంది. నాకు వాటిల్లినది అన్న మాట వింటే ఏమీ అనిపించదు, ఆ పలుపు చూస్తే అనిపిస్తుంది. ఆ తర్వాత భద్రాచలం దగ్గర ఆ ఏడు 75.6 అడుగులు వచ్చిందని ఎక్కడో చదివినప్పుడు ఆ అంకె నాకు గుర్తుండిపోయింది. ముందు పలుపు తెలిసింది కాబట్టే అంకె గుర్తుందండి, లేకపోతే ఉండేది కాదు.

ఇంకొక్కటి మేడమ్. మా లంకల గురించి ఎవరు రాసినా పాపం అన్నట్టే రాస్తారు. వరదొస్తే మునిగిపోయే పాపం జనం అని. అదే పుస్తకం మాకే ఇచ్చి చదవమంటారు. మేం అరటి, కొబ్బరి, కూరగాయలు పండించి పడవ మీద బయటికి పంపుతాం, వరదొచ్చినప్పుడు ఏ అరుగు మీద ఎన్నో మెట్టు మునిగితే సామాను సర్దాలో మా ఇళ్ళల్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు. అది రాయండి.

పదో తరగతి సారు:

అందరూ బాగా రాశారు, కాదనను. కానీ నేను పదో తరగతికి చెప్తాను, నా భయం నాది. మార్చిలో పిల్లాడి ముందుకొచ్చే ప్రశ్నపత్రం "మీ ప్రాంత నీటిపారుదల వనరులను వివరింపుము" అనే భాషలోనే ఉంటుంది. ఎనిమిదిలో చేనూ చేనూ ఎందుకెండేవు అని చదివినవాడు పదిలో ఆ ప్రశ్న చూసి బిత్తరపోతే ఎవరిది బాధ్యత? ఆనకట్ట, ఆయకట్టు, క్యూసెక్కు, డెల్టా, ఈ మాటలు పిల్లలకి రావాలి. కథ పేరుతో వాటిని ఎత్తేస్తే మనమే వాళ్ళకి అన్యాయం చేసినట్టు. టౌన్లో ప్రైవేటు స్కూలు పిల్లలకి ఆ మాటలన్నీ వస్తాయి, మన పిల్లలకి కథలు మాత్రం వస్తాయి అంటే నాకు ఒప్పుకోబుద్ధి కావట్లేదు. మేడమ్ గారు మొదట రాసిన పేరా పూర్తిగా తీసెయ్యకండి, ఎక్కడో ఒక చోట అది ఉండాలి.

రిటైర్డు తెలుగు మాస్టారు:

సారుగారు అన్నది న్యాయమైన మాట. నేను "యందలి" వద్దన్నాను గానీ "ఆయకట్టు" వద్దనలేదండి. ఆయకట్టు రైతుల నోట్లో రోజూ ఉండే మాటే, నిజానికి మన సోషల్ పుస్తకాల్లో మాటలు సగం పొలం గట్టు మీద పుట్టినవే. తేడా ఎక్కడంటే వరుసలో. ముందు మాట చెప్పి తర్వాత అర్థం చెప్తే అది బట్టీ. ముందు వస్తువు చూపించి, పిల్లాడు "దీన్నేమంటారు?" అని అడగాలనిపించే దాకా లాగి, అప్పుడు మాట చేతిలో పెడితే అది వాడి సొంతం. పొడుపు కథ చేసేది అదే కదా, అన్ని గుర్తులూ చెప్పి పేరు మాత్రం దాచేస్తుంది, పేరు కోసం పిల్లాడు కొట్టుకుంటాడు. మీరు చెప్పిన ఆ పేరా పుస్తకం మొదట్లో కాకుండా చివర్లో పెడితే సరి, అప్పటికి అందులో ప్రతి మాటా వాడికి చుట్టమే.

కాలవగట్టు టీచర్:

ఇన్ని రోజులు జవాబివ్వనందుకు ఏమనుకోకండి, మళ్ళీ రాసి పిల్లలతో చదివించాకే ఇక్కడికొద్దామని ఆగేను. మాస్టారూ, మీరు చెప్పినట్టు కింద నుంచి పైకి వెళ్ళేను. ఇప్పుడు మొదటి పేజీ ఇది:

"నువ్వు రోజూ సైకిలు మీద వచ్చే గట్టు పక్కన మే నెలలో కాలవ ఎండిపోయి ఉంటుంది. అడుగున పగుళ్ళు, ఎండిన గుర్రపుడెక్క పీచు, ఎవరిదో తెగిపోయిన చెప్పు. జూన్లో ఒకరోజు పొద్దున్నే లేచి చూస్తే బురద రంగు నీళ్ళు ఎండుటాకుల్నీ పుల్లల్నీ ముందుకి తోసుకుంటూ, పగుళ్ళన్నీ నింపుకుంటూ, ఆ చెప్పుని కూడా ఎత్తుకుని మీ ఊరు దాటి వెళ్ళిపోతాయి. మీ నాన్న 'కాలవ వదిలేరు' అంటాడు. ఎవరు వదిలేరు?

శివారు చేను మాత్రం ఇంకా ఎండిపోయే ఉంది. చేనూ చేనూ ఎందుకెండేవు? బోదెలో నీళ్ళు రాలేదు. బోదే బోదే ఎందుకు రాలేదు? తూములో గుర్రపుడెక్క అడ్డం పడింది. తూమూ తూమూ ఎందుకు తీయించుకోలేదు? లస్కరు ఇంకా రాలేదు. లస్కరూ లస్కరూ ఎందుకు రాలేదు? లాకుల దగ్గర తలుపెత్తుతున్నాను. లాకులూ లాకులూ, మీకు నీళ్ళెవరిచ్చారు?"

అక్కడ పేజీ అయిపోతుంది. లస్కరంటే కాలవ నీళ్ళు చూసుకునే మనిషని మా పిల్లలకి తెలుసు. రెండో పేజీలో ధవళేశ్వరం, అప్పుడు 1847, అప్పుడు కాటన్. ఏటి మధ్యలో లంకలుండటం చూసి ఒకే గోడ కాకుండా ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా కట్టేరన్నది కూడా అక్కడే చెప్పేను, ర్యాలి పేరు కనపడగానే "మా అత్త వాళ్ళ ఊరు" అని ఒక పిల్ల అరిచింది. మూడో పేజీలో టిన్నుల లెక్క పెట్టేను, భీమవరం వారికి చాలా థాంక్స్. నిజమేనండి, క్లాసంతా ఒకటి, రెండు అని లెక్కపెట్టేరు, తర్వాత ఒకడు లేచి "అంటే మన బడి నిండడానికి ఎన్ని సెకన్లు పడుతుంది" అని అడిగేడు, నేను చెప్పలేదు, గది పొడుగు వెడల్పు కొలిచి నువ్వే చెప్పమన్నాను, రెండు రోజులు అదే పని మీదున్నాడు. పదో తరగతి సారుగారు చెప్పినట్టు పాత పేరా తీయలేదు, చివరి పేజీలో పెట్టేను, పైన "ఇప్పుడు ఇది చదువు" అని మాత్రం రాసేను. "బడుచున్నది" మీద ఆగేరు గానీ మిగతాది గడగడా చదివేసేరు.

అన్నిటికంటే నాకు సంతోషం కలిగింది వేరే. ఎప్పుడూ నోరు తెరవని ఒక పిల్ల ఆ పుస్తకం ఇంటికి తీసుకెళ్ళి వాళ్ళ తాతగారికి చదివి వినిపించింది. మర్నాడు వచ్చి, "మేడమ్ గారండీ, మీరు తప్పు రాసేరు, మా ఊరికి కాలవ పొద్దున్న రాదు, అర్ధరాత్రి దాటాక వస్తుంది, కప్పలు అరవడం మొదలెడితే నీళ్ళొచ్చినట్టు అని తాత చెప్పేడు" అంది. మిగతావాళ్ళు ఊరుకోలేదు, మా ఊరికి సాయంత్రం వస్తుంది, మా ఊరికి మధ్యాన్నం వస్తుంది అని గొడవ. అప్పుడు బోర్డు మీద కాలవ గీసి, ఎవరి ఊరు ఎక్కడో పెట్టి, పక్కన ఎవరికి ఎప్పుడొస్తుందో రాస్తూ పోతే లాకుల నుంచి శివారు దాకా నీళ్ళు ఎంతసేపు నడుస్తాయో పిల్లలే తేల్చేరు. ఆ పేజీ పిల్లలతోనే మళ్ళీ రాయిస్తున్నాను. కప్పల మాట మొదటి లైనులోకి వచ్చింది.

లంక బాబూ, మీ తాతగారి పలుపు సంగతి వరద పేజీలో పెట్టుకోవచ్చా? మీ అమ్మమ్మగారిని ఒకసారి అడిగి చెప్పు, పేరు రాయను. "పాపం" అన్న మాట పుస్తకంలో ఎక్కడుందో వెతికితే రెండు చోట్ల కనపడింది, తీసేసేను, అరుగు మెట్ల లెక్క రాయాలనుంది, అది నువ్వే చెప్పాలి.

ఇప్పుడు ఆరో పేజీ దగ్గర ఆగిపోయేను. గన్నవరం అక్విడెక్టు, కింద గోదావరి పాయ వైనతేయ, పైన కాలవ, ఏటి మీద నుంచి ఏరు దాటిపోయే నీళ్ళు. చిన్నప్పుడు బస్సులో వెళ్తూ చూడటమే గానీ అక్కడ నిలబడి వినలేదు. భీమవరం వారు అన్నారు కదా విని రాయమని. దగ్గర్లో ఉన్నవాళ్ళెవరైనా కింద ఏటి చప్పుడెలా ఉంటుందో పైన కాలవ చప్పుడెలా ఉంటుందో చెప్తారా?

లంక కుర్రాడు:

అమ్మమ్మని అడిగేను మేడమ్. రాసుకోమంది, కానీ తిరిగొచ్చిన ఆవు పేరు గౌరి, అది మాత్రం రాయాలంట. అక్విడెక్టుకి ఈ ఆదివారం వెళ్తాను, కిందా పైనా రెండు చోట్లా ఫోన్లో రికార్డు చేసి పెడతాను.